తూటాల స్థిరాదరణ సంఘం

మా విభాగం గోదాములో పద్నాలుగు పెట్టెల తూటాలు మూలుగుతున్నాయి. వాటికి సరిపోయే తుపాకీ మాత్రం జిల్లా మొత్తం మీద ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఉండేవి. ఆ రోజుల్లో తుపాకీ ఉన్న ప్రతివాడికీ ఆ తూటా అంటే తెగ మోజు. ఆ మోజు చూసి మేం ఇండెంటు పెట్టాం. సరుకు చేరేసరికి వాళ్ళంతా ఆ తుపాకులు అమ్మేసి వేరేవి కొనుక్కున్నారు.

మొన్న శ్రావణంలో తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఆ పెట్టెల మీద దుమ్మును వేలితో గీసి, "కొనేముందు దీని ఆదరణ ఎన్నాళ్ళుంటుందో విచారించలేదా?" అని అడిగారు. మా జాయింట్ డైరెక్టర్ చిదానందం గారు తల దించుకున్నారు. ఆయన తల దించుకున్నారంటే ఏదో ఒక ఉత్తర్వు పుట్టబోతోందని ఆఫీసులో అందరికీ తెలుసు. మూడో రోజుకల్లా పుట్టింది.

"ఇకమీదట స్థిరమైన ప్రజాదరణ కలదని నిర్ధారణ అయిన తూటాను మాత్రమే పంటల రక్షణ నిమిత్తము జారీ చేయవలెను. సదరు నిర్ధారణ కొరకు తూటాల స్థిరాదరణ సంఘమును ఏర్పాటు చేయడమైనది. నిర్ధారణ అగువరకు ఏ తూటానూ జారీ చేయరాదు."

దాన్ని టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం తప్పు లేకుండా చేశాను.

మా విభాగం పని ఏమిటో చెప్పలేదు కదూ. అడవి పందులు రైతుల పంటలు తినకుండా చూడడం. లైసెన్సు ఉన్న వేటగాళ్ళకు తూటాలిస్తాం. వాళ్ళు పేల్చాక మిగిలిన ఇత్తడి డొల్లలను వెనక్కి తెచ్చి ఒప్పజెప్పాలి. ఎన్ని ఖాళీలు తెస్తే అన్ని కొత్తవి ఇస్తాం. ఆ ఖాళీలను లెక్కపెట్టి రిజిస్టరులో రాసే సీనియర్ అసిస్టెంటును నేను. ఇరవయ్యారేళ్ళ నుంచి రాస్తున్నాను. ఈ ఆఫీసులో పైకప్పు కారింది, ఫైళ్ళు చెదలు పట్టాయి, ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. నా రిజిస్టరులో మాత్రం ఒక్క అంకె తప్పు పడలేదు. ఈ మాట నేను అవసరం లేకపోయినా చెబుతుంటానని మా ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు.

ఉత్తర్వు వెళ్ళిన తర్వాతి సోమవారం గుట్టకిందపల్లె నుంచి రెడ్డెమ్మ వచ్చింది. వెంట హుసేన్ పీరా. ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు, అరవై ఎనిమిదేళ్ళు, ఆ చుట్టుపక్కల లైసెన్సున్న తుపాకీ ఆయనదొక్కటే. రెడ్డెమ్మ వేళ్ళతో సహా పెరికివేసిన శెనక్కాయ మొక్కను మట్టితోనే తెచ్చి నా రిజిస్టరు మీద పెట్టింది.

"సూడండి సార్. కాయికి ఊడలు దిగినాయి. ఇంక రెండు నెల్లకు కాయి గట్టిపడతాది. అంతలోపల పందులు మొత్తం దున్నేసి పోతాయి. పోయినేడు ఇంతే, అంతకుముందేడూ ఇంతే. ఈసారి గూడా పోయిందంటే ఆ రెండెకరాలు బీడు పెట్టేసి బెంగుళూరికి కూలికి పోవాల్సిందే నేను."

"ఎన్ని కావాలి?" అన్నాను, రిజిస్టరు మీద మట్టి దులుపుకుంటూ.

"పదియ్యండి సార్, మూడొందల పదిహేనువి," అన్నాడు పీరా. "పందులు తొమ్మిది ఉండాయి."

మూడొందల పదిహేను అన్నది తూటా సైజు పేరు, ఆయన అడిగింది ఆ పాత రకం. తాతల కాలం నుంచి ఈ ప్రాంతంలో వాడుతున్నది అదే. అయితే దాని ఆదరణ ఇంకా నిర్ధారణ కాలేదని, సంఘం కూర్చుని తేల్చేదాకా ఇవ్వడానికి వీల్లేదని నేను వివరించాను.

రెడ్డెమ్మ ఓపిగ్గా విన్నది. "ఎవురి ఆదరణ సార్? పందులదా?"

అది సంఘమే నిర్ణయిస్తుందన్నాను.

సంఘంలో ఐదుగురు సభ్యులు. చిదానందం గారు అధ్యక్షులు. మొదటి సమావేశంలో ఆయన లేచి, "ఆదరణ అనేది ఒక భావన. భావనకు కొలమానం లేనిచోట పరిపాలన లేదు. పరిపాలన లేనిచోట పంది తిరుగుతుంది," అన్నారు. సభ్యులు దాన్ని రాసుకున్నారు.

తర్వాత పట్నం నుంచి వచ్చిన రైఫిల్ క్లబ్బు కార్యదర్శి భార్గవతేజ మాట్లాడాడు. ఆకులూ కొమ్మలూ అచ్చువేసిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. గోడ మీద బొమ్మలు వేస్తూ ముప్పావుగంట చెప్పాడు. వాళ్ళది ఆరున్నర మిల్లీమీటర్ల కొత్త తూటా. సన్నగా నాజూగ్గా ఉంటుంది. కిలోమీటరు దూరం గీత గీసినట్టు పోతుంది. గాలికి లొంగదు. భుజం నొప్పి పుట్టదు.

"లోకమంతా ఆరున్నరకు మారిపోయింది సార్. మూడొందల పదిహేను అంటే మా క్లబ్బులో నవ్వుతారు. ఇక నలభై ఏళ్ళు దీనిదే రాజ్యం," అన్నాడు.

"మీ తూటా విశిష్టతలు విన్నవించండి," అన్నారు చిదానందం గారు పీరాతో.

పీరా లేచాడు. "తగిల్తే పడతాది సార్." కూర్చున్నాడు.

'పాత తూటా పక్షమున వివరములు సమర్పించబడలేదు' అని మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను.

ఇక కొలమానం సంగతి. మొదట రైతులకు ప్రశ్నపత్రం పంపుదామనుకున్నారు. 'మీరు అభిమానించు తూటా ఏది? ఎందువలన?' అని. రెడ్డెమ్మకు పంపిన పత్రం, 'నాకు తూటా ఎందుకు సార్, కాయలు కావాల' అని ఎవరిచేతో రాయించుకుని తిరిగి వచ్చింది. అది చెల్లని ఓటుగా పక్కన పెట్టారు. అప్పుడు సంఘంలోని గణాంకాధికారి కన్ను నా రిజిస్టరు మీద పడింది. ఇరవయ్యారేళ్ళ ఖాళీల లెక్క. ఆయన పేజీలు తిప్పుతూ పరవశించిపోయాడు.

"ఇంతకంటే ఏం కావాలి సార్? మనిషికి ఏది ఇష్టమైతే అదే ఎక్కువ వాడతాడు. ఏ తూటా ఖాళీలు ఎక్కువ వస్తే దానికి అంత ఆదరణ."

నా రిజిస్టరుకు అంత గౌరవం దక్కినందుకు నేను కూడా పొంగిపోయానని ఒప్పుకుంటాను. పందుల మాట ఎవరూ ఎత్తలేదు. పందులకు వేరే రిజిస్టరు ఉంది, అది ఇంకో సెక్షన్ వాళ్ళది.

నెల రోజుల పరీక్ష అన్నారు. క్లబ్బుకు రెండు వందల కొత్త తూటాలు. పీరాకు పది పాతవి, ఆయన కాగితం మీద అడిగింది అంతే కాబట్టి. గుట్టకిందపల్లెకు తూర్పు పొలాలు పీరావి, పడమటి పొలాలు క్లబ్బువి.

క్లబ్బు వాళ్ళు ఎనిమిది మంది. మడత కుర్చీలు, ఐసు డబ్బాలు, గాలి వేగం కొలిచే యంత్రాలతో వచ్చారు. కిలోమీటరు పోయే తూటాను దగ్గర నుంచి పేల్చడం దానికే అవమానమని ఎదుటి కొండ మీద మకాం పెట్టారు. పీరా మాత్రం రెడ్డెమ్మ చేని గట్టు మీద గోనె పరుచుకుని కూర్చున్నాడు.

వారం తిరక్కుండానే ఆయన మా ఆఫీసుకు వచ్చి రుమాలు విప్పాడు. నాలుగు ఖాళీలు, ఆరు పేల్చని తూటాలు.

"నాలుగు పేల్చినాను, నాలుగు పడినాయి. మిగిలిన ఐదూ పడమటికి పోయినాయి సార్. ఇంక పనిలేదు గదా అని తెచ్చిచ్చేస్తా ఉండా."

ఆ ఐదు పందులూ పడమటి పొలాలు చేరి, అక్కడ భద్రత బాగుందని గ్రహించి స్థిరపడ్డాయి. నెలాఖరుకు క్లబ్బు వాళ్ళు రెండు వందల ఖాళీలూ నిగనిగలాడే పెట్టెలో పెట్టి తెచ్చారు. పంది ఒక్కటీ పడలేదు. ఒక నీళ్ళ ట్యాంకుకు చిల్లు పడింది. 'వన్యప్రాణులను ప్రేమించండి' అని మా విభాగమే పాతిన బోర్డు మీద జింకకు మూడు తగిలాయి.

రెండో సమావేశంలో ఫలితం ప్రకటించారు. కొత్తదానికి ఆదరణ రెండు వందలు, పాతదానికి నాలుగు. అంటే యాభై రెట్లు.

"ఆరు తూటాలు వెనక్కి ఇచ్చారట. ఎందుచేత?" అని చిదానందం గారు పీరాను అడిగారు.

"పంది పడిపోయినాక ఇంకెందుకు సార్ కాల్చేది?"

గణాంకాధికారి ముందుకు వంగాడు. "గమనించారా సార్? ఒకసారి వాడాక మళ్ళీ వాడాలన్న కోరిక ఈయనకే కలగలేదు. పదిలో ఆరు వినియోగదారుడు తిరస్కరించాడు."

"నాలుగు పందులు సచ్చినాయి గదా సార్," అన్నాడు పీరా.

గణాంకాధికారి అందుకున్నాడు. "అదే ఇంకా పెద్ద దోషం. పంది ఉంటేనే తూటా అవసరం. అవసరం ఉంటేనే ఆదరణ. నాలుగు పందులను చంపి మీ తూటా ఆదరణకు మీరే గండి కొట్టారు. క్లబ్బు వారిని చూడండి. రెండు వందలు పేల్చినా ఆదరణకు ఆధారమైన పంది ఒక్కటీ చెక్కుచెదరలేదు. స్థిరత్వమంటే అది."

ఈ వాదనకు సభ్యులు బల్లలు చరిచారు. పీరా నా వైపు చూశాడు. నేను మినిట్స్ రాసుకుంటూ తల ఎత్తలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. తూర్పు పొలాల్లో పందులు లేకపోవడం వల్ల పాత తూటాకు సమాన అవకాశం దక్కలేదని, రేపు ఎవరైనా కోర్టుకు పోతే చిక్కు వస్తుందని ఒక సభ్యుడు గుర్తుచేశాడు. కాబట్టి తూర్పున పందులు మళ్ళీ నెలకొనాలి. అవి రాకుండా అడ్డుపడుతున్నదేమిటి? విచారిస్తే రెడ్డెమ్మ తన చేని చుట్టూ పాత చీరలు కట్టిందని తేలింది. మా వైపు రైతులందరూ చేసేదే. గాలికి రంగురంగుల చీరలు ఎగురుతుంటే మనుషులున్నారనుకుని పందులు జంకుతాయి.

ఉత్తర్వు వెళ్ళింది. "సదరు వస్త్రములు ఆదరణను కృత్రిమముగా అణచివేయుచున్నందున తక్షణము తొలగించవలెను. సదరు భూమి ఆదరణ పరిశీలనా క్షేత్రముగా ప్రకటించడమైనది." మా సిబ్బంది వెళ్ళి పదకొండు చీరలు విప్పుకుని మూటకట్టి తెచ్చారు. జాబితా నేనే రాశాను. తొమ్మిదోది ఆకుపచ్చ అంచు పసుపు చీర. అది కట్టుకునే పెళ్ళిపీటల మీద కూర్చున్నానని ఆమె చెప్పిందట. జాబితాలో దానికి గడి లేదు. పీరాకు వేరే తాఖీదు పోయింది, తూటాలను తగినన్ని వృథా చేయనందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని.

ఐదు రోజులకు రెడ్డెమ్మ వచ్చింది. ఈసారి మొక్కను నా బల్ల మీద పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని గోడవారన నేల మీద కూర్చుంది.

"కాల్ ఎకరా తినేసినాయి సార్. ఇంక పదైదు దినాలుంటే పెరుకుదును. అంతే, పదైదు దినాలు. ఆ చీరలన్నా ఇచ్చేయండి."

నాకు సిగ్గేసింది. ఆ చీరల మూట నా కుర్చీ వెనక బీరువాలోనే ఉంది, దాని మీద నేను వేసిన లక్కముద్రతో సహా. ఈ నెలన్నరగా వెళ్ళిన ప్రతి కాగితం నా చేతుల మీదుగానే వెళ్ళింది. ఒక్కదానిలోనూ అక్షరం తప్పు లేదు.

పీరా తాఖీదు పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. ఇద్దరినీ టీ కొట్టు దగ్గరికి తీసుకుపోయాను.

"సంజాయిషీ నేను రాసిస్తాను," అన్నాను. "పది తూటాలే ఇచ్చారు కనుక పొదుపు చేశానని, క్లబ్బుకిచ్చినట్టే రెండు వందలిస్తే అన్నీ పేలుస్తానని, ఒక్క పందికీ తగలనివ్వనని హామీ పత్రం ఇవ్వండి. ఇస్తారు."

"తగలనీకుండానా?"

"తగలనీకుండానే. కానీ కిలోమీటరు అవతల నుంచి కాదు. చేని గట్టు మీద నుంచి. మీ తుపాకీ మోతకు గుట్ట కింద నిలిచే పంది ఉంటుందా?"

పీరా టీ గ్లాసు కింద పెట్టేశాడు. "నా సర్వీసులో ఒక్క గుండు దండగ చేయలేదు సార్. పాతిక మీటర్లయినా మూడొందల మీటర్లయినా. ఇప్పుడు ఈ వయసులో దండగ చేస్తానని సంతకం పెట్టమంటారా? నా వల్ల కాదు."

రెడ్డెమ్మ ఒళ్ళోని మొక్కను తీసి ఆయన గ్లాసు పక్కన పెట్టింది.

"పీరన్నా, నేను నిన్ను పందుల్ని సంపమని అడిగినానా ఎప్పుడన్నా? నా చేను కాపాడమని అడిగినా. ఎట్ల కాపాడినా నాకు ఒకటే."

ఆయన జేబులో నుంచి పెన్ను తీసి, "యాడ పెట్టాల సంతకం?" అన్నాడు.

ఆ సంజాయిషీ చదివి చిదానందం గారు ఎంత ఆనందించారో చెప్పలేను. 'ఒక్క పందికీ హాని జరుగనీయనని హామీ ఇచ్చుచున్నాను' అన్న వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశారు. "ఇదీ పరివర్తన అంటే. పాత తరం కూడా నేర్చుకుంటోంది," అన్నారు. రెండు వందలు మంజూరయ్యాయి. షరతు ఒకటే. ఈ పరీక్ష చివరిది. ఏ తూటా ఖాళీలు ఎక్కువ వస్తే ఆ తూటానే ఇకమీదట జారీ చేస్తారు. రెండోది జాబితా నుంచి శాశ్వతంగా తొలగిపోతుంది. క్లబ్బు లెక్క పాతదే ఉంటుంది, రెండు వందలు.

పదిహేను రోజులు పొద్దు వాలే వేళకు పీరా గట్టు మీద నిలబడి గుట్ట మొదట్లో ఉన్న మట్టి దిబ్బకు పదమూడు, పద్నాలుగు పేల్చేవాడు. పరిశీలకుడిగా నన్ను పంపారు కనుక చూశాను. పెద్ద మోత, అది గుట్టకు కొట్టుకుని ఇంకా పెద్దదై తిరిగి వచ్చేది. ప్రతి పేలుడుకూ ఆయన మొహం పంటినొప్పి వచ్చినవాడిలా ముడుచుకుపోయేది. మట్టికి పెడుతున్న దెబ్బ కూడా ఒకచోటే పెట్టేవాడు. దిబ్బ మధ్యలో చెంబు పట్టేంత గుంట పడింది. మూడో రోజు నుంచి పందులు చేలోకి రాలేదు. పదో రోజుకు పడమటి పొలాల వాళ్ళు కూడా తమవైపు లేవన్నారు.

పదిహేనో రోజు రెడ్డెమ్మ, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు శెనక్కాయ పెరుకుతున్నారు. వేళ్ళకు కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. రెడ్డెమ్మ ఒక కాయ చితిపి గింజ నా చేతిలో పెట్టింది, తినమని. పీరా దగ్గర ఆఖరి తూటా ఉంది. తుపాకీలో పెట్టి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే చేని పక్క వాగు పొదల్లోంచి ఒక ముసలి మగపంది బయటికి వచ్చి దిబ్బకు అడ్డంగా నిలబడింది. నలభై అడుగుల దూరం ఉంటుంది.

ఆడవాళ్ళు చేతిలో పని ఆపేశారు. పేలిస్తే అది పడుతుంది, హామీ పత్రం పోతుంది, దానితో ఆ ఖాళీలన్నీ చెల్లకుండా పోతాయి. గొట్టం జానెడు పక్కకు తిప్పితే చాలు, లెక్క రెండు వందలవుతుంది. సమానమైతే రెండు తూటాలూ జాబితాలో ఉంటాయి. పీరా అట్లాగే చూశాడు. పంది కూడా చూసింది. చివరికి ఆయన తుపాకీ దించి, తూటా బయటికి తీసి, రుమాల్లో పెట్టుకున్నాడు. పంది వాగులోకి వెళ్ళిపోయింది.

"మట్టిని చూసి ఎన్నిసార్లైనా కాలుస్తా సార్," అన్నాడు నా దగ్గరికి వచ్చి. "ఎదురుగా నిలబడినదాన్ని చూసుకుంటా పక్కకు కాల్చేది నా చేతగాలేదు. ఏమనుకోవద్దు."

మర్నాడు ఆఖరి సమావేశం. క్లబ్బు తరఫున భార్గవతేజ ఒక్కడే వచ్చాడు, ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆరున్నర రైఫిలు ఏమైందని ఎవరో అడిగితే, అమ్మేశానన్నాడు. "అదిప్పుడు ఎవరు వాడుతున్నారండి? అంతా ఏడుకు మారిపోయారు. ఆరున్నర అంటే మా క్లబ్బులో నవ్వుతారు." ఈ విషయం అజెండాలో లేనందున సంఘం పరిగణనలోకి తీసుకోలేదు.

"ఖాళీలు లెక్కించండి," అన్నారు చిదానందం గారు.

నా ముందు పీరా తెచ్చిన సంచి ఉంది. పదేసి చొప్పున దొంతరలు పెట్టాను. పందొమ్మిది దొంతరలు, మీద తొమ్మిది. రుమాల్లో పేల్చని తూటా ఒకటి. తలుపు దగ్గర పీరా నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆయన వెనక రెడ్డెమ్మ. వచ్చే ఏటికి విత్తనాలు ఎత్తి పెట్టుకున్నానని పొద్దున్నే చెప్పింది. తేడా ఒక్కటి. ఆ ఒక్కదానితో మూడొందల పదిహేను జాబితాలోంచి పోతుంది. వచ్చే ఏడు పీరా గట్టు మీద నిలబడినా చేతిలో ఉత్త తుపాకీ ఉంటుంది. ఆమె విత్తనాలు వేస్తుంది, పందులు తింటాయి.

నేను మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను. పెన్ను మూత తీశాను. ఖాళీల గడిలో అంకె వేశాను.

"రెండు వందల ఒకటి," అని చదివాను.

"ఒక్క ఆదరణ ఆధిక్యంతో పాత తూటా స్థిరాదరణ నిర్ధారణ అయినది," అని చిదానందం గారు లేచి ప్రకటించారు. సభ్యులు బల్లలు చరిచారు. రిజిస్టరు చేతులు మారింది. పేజీ మీద పక్కపక్కనే మూడు గడులున్నాయి. జారీ చేసినవి రెండు వందలు. ఖాళీలు రెండు వందల ఒకటి. పేల్చకుండా తిరిగి వచ్చినవి ఒకటి. ఐదుగురూ చదివారు, ఐదుగురూ సంతకాలు చేశారు. గణాంకాధికారి తన సంతకం కింద తేదీ కూడా వేశాడు.

సమావేశం ముగిశాక బీరువా తెరిచి, లక్కముద్ర పగలగొట్టి, చీరల మూట రెడ్డెమ్మకు ఇచ్చాను. ఆమె పదకొండూ ఉన్నాయో లేదో చూసుకుంటుంటే పీరా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, నేనిచ్చింది నూట తొంభై తొమ్మిదే."

"తెలుసు పీరా సాబ్," అన్నాను. "పక్కకు కాల్చాను."